తేల్చుకోవాల్సిన ఘడియ

తుళ్లూరు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల కాగితాలు అందాయి. నిదానంగా, ఒకటికి రెండుసార్లు చదివాను. నీ చేతిలో మాట ఉంది, ఊరు ఉంది. పత్తి తీతకు పోయే ఆడవాళ్ల మాటలు, పొద్దున్నే కూలీల ఆటోలు బయలుదేరే సందడి బాగా పట్టుకున్నావు. వాటి జోలికి నేను పోను. నా బెంగంతా నీ కథలోని పెద్దాయన గురించే. అందుకే ఫోనులో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను.

ఆయన మంచివాడనీ, అభిమానం గలవాడనీ, నేలంటే ప్రాణమనీ మొదటి పేజీలోనే చెప్పేశావు. ఆ తర్వాత ఆయన మీద కష్టాలు కుమ్మరించావు. పత్తికి తెల్లదోమ, పురుగుమందుల కొట్లో బాకీ, భార్య జబ్బు, కొడుకు దూరం కావడం. వచ్చిన ప్రతి కష్టానికీ ఆయన బాధపడ్డాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. ఇన్ని పేజీలు చదివాక ఆయన మీద నాకు జాలి కలిగింది గానీ ఆయన ఎలాంటివాడో తెలియలేదు.

మిరపకాయలు కల్లంలో ఆరబోస్తే ఏది ఎర్రకాయో ఏది తాలుకాయో ఎండే తేల్చి చెబుతుంది. మనిషికి ఎండ ఒక్కటే చాలదమ్మా. ఆ ఎండలో నిలబడి ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఎటు తేల్చుకున్నా ఏదో ఒకటి పోవాలి. పోయేదేమిటో తెలిసి కూడా అటే అడుగు వేసినప్పుడు ఆ మనిషి మనకు కనిపిస్తాడు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మన జిల్లాల్లో రాత్రంతా మేలుకుని హరిశ్చంద్ర నాటకం చూసిన జనం ఎందుకు చూశారో ఆలోచించు. బాపట్ల దగ్గర ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకం అది. కథ అందరికీ తెలుసు. కాటిసీను దగ్గర ఏం జరగబోతోందో పిల్లలు కూడా చెప్పగలరు. అయినా పద్యం పద్యానికీ వన్స్ మోర్లు కొట్టారు. పాము కరిచి చచ్చిపోయిన కొడుకును మోసుకొచ్చింది తన భార్యేనని తెలిశాక కూడా కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు సుంకం అడగాలి. అడిగితే తండ్రిగా చచ్చిపోతాడు, అడగకపోతే యజమాని ఉప్పు తిని మాట తప్పినవాడవుతాడు. రాజ్యం పోవడం, భార్యాబిడ్డలను అమ్ముకోవడం, కాటికాపరి కావడం, ఇవన్నీ ఆయన్ను ఆ ఒక్క ఘడియ దగ్గరికి తీసుకురావడానికే. జనం మేలుకున్నది ఆ ఘడియ కోసం.

ఇంకో ఉదాహరణ. భారతంలో అరణ్యపర్వం మిగిలిన భాగం తెలుగు చేసిన ఎర్రన, అద్దంకి రెడ్డిరాజుల కొలువులోని కవి. యక్షప్రశ్నలు ఆయన పూర్తిచేసిన భాగంలోవే. ప్రశ్నలన్నిటికీ ధర్మరాజు జవాబులు చెప్పాక, చచ్చిపడి ఉన్న నలుగురు తమ్ముళ్లలో ఒకణ్ని బతికిస్తాను, ఎవరు కావాలంటాడు యక్షుడు. రేపు యుద్ధం వస్తే భీముడు కావాలి, అర్జునుడు కావాలి. ధర్మరాజు నకులుణ్ని అడుగుతాడు. కుంతి కొడుకుల్లో తాను మిగిలాడు, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి కదా అని. చెప్పిన జవాబులన్నీ ఆయన చదువును చూపించాయి. కోరిన కోరిక ఆయన్ను చూపించింది. ఆ యక్షుడు తప్ప చుట్టుపక్కల చూసి మెచ్చుకునేవాడు కూడా లేడక్కడ.

ఈ ధర్మరాజే జూదంలో తమ్ముళ్లనూ ద్రౌపదినీ పణంగా పెట్టాడని కూడా గుర్తుంచుకో. రెండూ ఆయన చేసినవే. మొదటిదాన్ని రెండోది తుడిచెయ్యదు. నీ పెద్దాయనకు కూడా ఇలాంటి రెండు ఘడియలు కావాలి. ఒకచోట ఆయన చేతకానివాడవాలి, ఇంకోచోట మనం ఊహించనంత పెద్దవాడవాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో పాఠకుణ్ని ఆలోచించుకోనీ.

ఒకే కష్టం ఇద్దరి మీద పడితే ఇద్దరూ ఒకేలా ఉండరన్నది రెండో సంగతి. దీనికి మన ఇంటి పుస్తకమే ఉంది. సత్తెనపల్లి వైపు వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండగా రాసిన 'మాలపల్లి', 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందులో రామదాసు కుటుంబానికి జరిగిన అన్యాయం ఒక్కటే. సంగదాసు కూలీల పక్షాన నిలబడి, చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. అన్న వెంకటదాసు దొంగల నాయకుడై, జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. తండ్రి రామదాసు ఇంత జరిగినా తన తత్త్వం వదలడు. ఒకే కప్పు కింద పెరిగినవాళ్లు, ఒకే గంజి తాగినవాళ్లు. దారులు మూడు. ఒక్కడే ఉండి ఉంటే అతని కష్టం అలా చేయించిందనుకునేవాళ్లం. ముగ్గురున్నారు కాబట్టి కష్టం ఎవరి చేతా ఏదీ చేయించదనీ, ఎవరికి వాళ్లే చేస్తారనీ తెలుస్తుంది. నీ నవలలో పెద్దాయన పక్కన తమ్ముడున్నాడు, కథలో వాడికి పనేమీ లేదు. వాడికీ అదే తెల్లదోమ తగలనీ, అదే బాకీ ఉండనీ. వాడు ఇంకో దారిన పోనీ.

మూడోది, లెక్క ముందు, పని తర్వాత. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మళ్లీ చదువు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ బాకీకి బానిస కాకూడదని ఆ బిడ్డనే నరికి తెస్తాడు. ఆ కథ మీద ఏళ్ల తరబడి వాదనలు జరిగాయి. అంత ఘోరాన్ని మనం నమ్మడానికి కారణమేమిటో చూడు. దానికి ముందు పేజీలకు పేజీలు ఊరి పంచాయితీ నడుస్తుంది. అప్పెలా పుట్టింది, వడ్డీ ఎలా పెరిగింది, ఊరు ఎలా మారింది, ఎవరెవరి మాట ఎటు మొగ్గింది, అన్నీ తాపీగా చెబుతాడు రచయిత. న్యాయంగానే జరిగినట్టుండే ఆ తీర్పు చివర సీతారాముడికి ఒక్క దారీ మిగలదు. అతను చేసింది ఒప్పో తప్పో రచయిత చెప్పడు. మనకు వదిలేస్తాడు.

నీ దగ్గర లెక్కలు లేవు. తెల్లదోమ వచ్చింది, పంట పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు, ఎంత మందు కొట్టినా అది చావలేదు, కొట్లో అరువు మాత్రం పెరిగింది. కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు అరువిచ్చిన కొట్టుకే పంట తోలాల్సిన పరిస్థితి ఎందరికో. ఇందులో నీ పెద్దాయన తేల్చుకోవాల్సింది ఎక్కడుందో వెతుకు. మరుసటేడు మళ్లీ పత్తే వేస్తే కొట్టాయన అరువిస్తానంటాడు. జొన్న వేస్తే ఇంటికి గింజలొస్తాయి గానీ బాకీ తీరదు, ఊళ్లో మాట పోతుంది. భార్య జొన్నే వెయ్యమంటుంది. ఆయన ఏం వేస్తాడు? ఎవరికి చెప్పి వేస్తాడు, ఎవరికి చెప్పకుండా వేస్తాడు? నీ మొదటి పేజీలో ఉన్న 'అభిమానం గలవాడు' అన్న మాట కొట్టేసి ఈ విత్తనాల సంగతి రాయి.

ఇక అసలు ఘట్టం. రాజధాని కోసం జరిగిన భూసమీకరణను నువ్వు పత్రికల్లో వచ్చినట్టు రాశావు. 2015 మొదట్లో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల ఊళ్లలో జరిగింది నీకు దొరికిన అరుదైన అదృష్టం. ఒకే కాలంలో వేలమంది రైతులు ఒకే ప్రశ్న ముందు నిలబడ్డారు. అంగీకారానికి 9.3 ఫారం, అభ్యంతరానికి 9.2 ఫారం. ఎకరం మెట్టకు వెయ్యి గజాల ఇంటిస్థలం, 250 గజాల వ్యాపార స్థలం, ఏడాదికి 30 వేల కౌలు. నీటి వసతి ఉన్న జరీబు నేల అయితే అదే ఇంటిస్థలం, 450 గజాల వ్యాపార స్థలం, 50 వేల కౌలు. ఈ లెక్కలు పాఠకుడికి తెలియాలి. అప్పుడే తూకంలో ఏముందో తెలుస్తుంది. దాదాపు 33 వేల ఎకరాలు ఇచ్చారు. పెనుమాక, ఉండవల్లి వైపు ఇవ్వబోమన్నవాళ్లూ ఉన్నారు. ఇచ్చినవాళ్లందరూ ఒకే కారణంతో ఇవ్వలేదు, ఇవ్వనివాళ్లందరూ ఒకే కారణంతో ఆగలేదు.

నీ పెద్దాయన్ను ఆ ఫారాలు తీసుకునే బల్ల ముందు కూర్చోబెట్టు. తొందరపడకు. సంచిలోంచి పట్టాదారు పాసు పుస్తకం తీశాడు. అట్ట లోపల వాళ్ల నాన్న వేలిముద్ర ఉన్న పాత కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. కొడుకు పక్కన నిలబడి సంతకం పెట్టే చోటు వేలితో చూపిస్తున్నాడు. వెనక వరుసలో వాళ్లు తొందర పెడుతున్నారు. సంతకం పెడితే కొడుకు చదువప్పు తీరుతుంది, మనవరాలికి స్థలం మిగులుతుంది. పెట్టకపోతే నేల మిగులుతుంది, కొడుకు మాటలు మానేస్తాడు. ఆ కలం ఆగిన కాసేపట్లో నీ నవలంతా ఉంది. అక్కడ ఆయన మనసులో ఏముందో నువ్వు ఉపన్యాసం చెప్పకు. చెయ్యి ఏం చేసిందో చెప్పు చాలు.

అక్కడితో ఆపకు కూడా. తేల్చుకున్నదానితో బతకాలి కదా. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అదే మనిషి ఏం చేశాడు? నిరసన శిబిరంలో కూర్చున్నాడా? ధర పడిపోయిన ప్లాటు అమ్మి మనవరాలి పెళ్లి చేశాడా? సంతకం పెట్టమన్న కొడుకును నిందించాడా, లేక నా చేత్తో నేనే పెట్టానన్నాడా? ఈ చివరి మాట అన్నవాడు ఒక మనిషి, అననివాడు ఇంకో మనిషి. రాజధాని గురించి నీకు గట్టి అభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. ఉండనీ. వాటిని ఆయన నోట్లో మాత్రం పెట్టకు.

కొందర్ని మర్చిపోయావు. ఎవరూ సంతకం అడగనివాళ్లు. సెంటు భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 పింఛను ఇచ్చారు గానీ, పొలాలు పోతే పనులు పోతాయి కదా, మీరేమంటారని వాళ్ల ముందు ఏ ఫారమూ పెట్టలేదు. నీ కథలో పెద్దాయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి మూడుచోట్ల కనిపించి మాయమవుతుంది. ఆమెకు పెద్ద విషయంలో నిర్ణయం లేకపోవచ్చు. చిన్న విషయాల్లో ఉంటుంది. దూరపు ఊరికి మిరపకోతకు పోతే కూలి ఎక్కువ, కూతురు బడి మానాలి. పోకపోతే పింఛనుతోనే ఇల్లు గడవాలి. ఆమె తేల్చుకున్నదాన్ని పెద్దాయన సంతకానికి ఇచ్చినంత చోటిచ్చి రాయి. అప్పుడది ఈ నేల నవల అవుతుంది, లేకపోతే భూమి ఉన్నవాళ్ల నవలే అవుతుంది. 'మాలపల్లి' రాసినాయన పుట్టిన జిల్లాలో ఉండి ఈ సంగతి మర్చిపోకూడదు. మన మండలంలోని నెక్కల్లులో పుట్టిన పాపినేని శివశంకర్ గారి 'మట్టిగుండె' కథలు కూడా దగ్గర పెట్టుకో. ఈ మట్టి మనుషుల గురించి రాసేటప్పుడు గొంతు ఎంతలో ఉండాలో తెలుస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని చెబుతాను. ప్రతి అధ్యాయం చివర ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకో: ఇక్కడ ఎవరు ఏం తేల్చుకున్నారు, దానికి ఏం పోగొట్టుకున్నారు. జవాబు రాని అధ్యాయంలో ఎంత అందమైన వర్ణన ఉన్నా తీసెయ్యి. నీకు ఇష్టమైన మనిషి తప్పు చేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపకు. అది రాసేవాళ్లకు చాలా కష్టం. నీ పెద్దాయన్ను నువ్వు అంత ప్రేమించావు కాబట్టి నీకు మరీ కష్టం. అయినా ఆయన తప్పు ఆయన్ను చెయ్యనీ, దాని ఖరీదు ఆయన్నే కట్టనీ. ప్రేమించి కూడా అలా వదలగలిగితే నువ్వు ఈ నవల రాయగలవు. రాస్తావనే నా నమ్మకం.

ముందు ఆ సంతకం అధ్యాయం తిరగరాసి పంపు. మిగతాది దాన్ని బట్టి మాట్లాడుకుందాం. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య