ప్రాజెక్టు వర్కులో వికీపీడియా: పక్కన పెద్దలుండాలి



ప్రాజెక్టు వర్కు కోసం పిల్లలు వికీపీడియా తెరిస్తే వద్దనకండి. కానీ ఒంటరిగా వదలకండి.

2011లో పుణె కాలేజీల విద్యార్థులు చదువులో భాగంగా వికీపీడియాలో వ్యాసాలు రాశారు. రాసేవాళ్లు వందల్లో ఉంటే, దిద్దేవాళ్లు కొద్దిమందే. చాలామంది వేరేచోటి రాతలను ఎత్తిరాశారు. వాటిని తొలగించాల్సి వచ్చింది. ఏడాది తిరగకుండానే కార్యక్రమం ఆగింది. పిల్లలకు తెలివి లేక కాదు, దారి చూపేవాళ్లు చాలక.

ఇంట్లో ఆ బాధ్యత మీది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని మీ పాప రాసిందనుకోండి. మూడు మాటలు అడగండి:

1. ఇది ఎక్కడ చదివావు?
2. పేజీ కింద ఇచ్చిన మూలం తెరిచి చూశావా?
3. ఫోను పక్కన పెట్టి, నీ మాటల్లో చెప్పగలవా?

ఆ తర్వాతే నోటుబుక్కులో రాయించండి. చదివిన చోటు పేరు చివర్లో తప్పక రాయించండి.