పరభాషకు పనిముట్లు

నాందేడ్ వీధుల్లో నడిచే తెలుగు పిల్లలకు ఒకే పూటలో ఎన్నో లిపులు కనిపిస్తాయి. దుకాణాల మీద దేవనాగరి, గురుద్వారా వద్ద గురుముఖి, బడిపుస్తకంలో తెలుగు. వీటన్నింటిలో అక్షరం ధ్వనికి గుర్తు. చైనా భాష అలా కాదు. అక్కడ గుర్తులో అర్థం కూడా ఇమిడి ఉంటుంది. చెట్టు గుర్తును పక్కపక్కన రెండుసార్లు రాస్తే అడవి అవుతుంది. వార్తాపత్రిక చదవాలంటే ఇటువంటి గుర్తులు సుమారు 3,000 తెలియాలి.

మన రాష్ట్రంలోని షోలాపూర్‌లో 1910లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఈ భాష నేర్చుకొన్నారు. జపాను దాడికి గురైన చైనాకు 1938లో మన దేశం నుండి వెళ్లిన ఐదుగురు వైద్యులలో ఆయన ఒకరు. గాయపడిన సైనికుడు తన నొప్పిని తన భాషలోనే చెబుతాడు కదా! 1942 డిసెంబరు 9న ఆయన అక్కడే కన్నుమూశారు.

ఆయన చుట్టూ ఆ భాష మాట్లాడే మనుషులు ఉన్నారు. నేడు నాందేడ్‌లో ఆ భాష నేర్వగోరే విద్యార్థికి సెల్‌ఫోనులో సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో దేనిని ఎంచుకోవాలి?

మొదట చూడవలసినది స్వరం. ‘మా’ అనే మాటను ఒకే ఎత్తులో సాగదీస్తే అమ్మ, పైకి లేపితే నారమొక్క, దించి లేపితే గుర్రం, గబుక్కున దించితే తిట్టడం. కాబట్టి చైనీయుల గొంతును వినిపించి, మన గొంతును దానితో పోల్చుకొనే వీలున్న సాధనమే మేలు.

రోమను అక్షరాలను మాత్రమే నమ్మరాదు. 1958లో వచ్చిన పిన్‌యిన్ పద్ధతిలో ‘బి’ అనే రోమను అక్షరం మన ‘ప’కు దగ్గరగా పలుకుతుంది. ‘పి’ అనే అక్షరాన్ని ఊపిరి ఒత్తి పలకాలి.

తెలియని గుర్తు ఎదురైతే ప్లెకో వంటి నిఘంటువులో వేలితో గీసి వెతకవచ్చు. ఆంకీ అనే సాఫ్ట్‌వేరు, మరచిపోబోయే వేళకు మాటను మళ్లీ చూపుతుంది. అయితే గీతల వరుస చేతికి పట్టుబడాలంటే కాగితం, కలం తప్పవు.

ఫోను ఇచ్చే మార్కులు భాష వచ్చిందనడానికి సాక్ష్యం కావు. ఎదుటివారి బాధ మనకు అర్థమైందా, మన మాట వారికి చేరిందా అన్నదే అసలు పరీక్ష. కోట్నీస్ నిలిచింది ఆ పరీక్షకే.

అభ్యాసం
1. ‘మా’ అనే మాటకు అర్థాలు ఎలా మారతాయి?
2. తెలుగు నేర్వగోరే మీ మరాఠీ మిత్రునికి ఏ పనిముట్లు సూచిస్తారు? కారణాలు రాయండి.