ముందు దారి అడుగు

సౌమ్యా,

సంక్రాంతికి వస్తున్నావని, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కి టికెట్ తీశావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. జనవరిలో అక్కడ మంచు పడుతుంది, మధ్యమధ్య సమ్మెలూ జరుగుతుంటాయి. విమానం క్యాన్సిల్ అయితే ఏం చెయ్యాలో బయల్దేరకముందే నీకు తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై, బూడిద యూరప్ ఆకాశాన్ని కమ్మేసింది. 16వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున నేను అమెరికా నుంచి వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. కాసేపటికే విమానాలన్నీ ఆపేశారు. నాకు అమెరికా వీసా ఉంది కానీ షెంగెన్ వీసా లేదు. అది ఉన్నవాళ్ళు ఊళ్ళో హోటళ్ళకు వెళ్ళారు. లేనివాళ్ళం ట్రాన్సిట్ ఏరియాలోనే మడతమంచాల మీద ఐదు రాత్రులు గడిపాం. నా బీపీ మాత్రలు లగేజీలో వేసిన పెద్ద పెట్టెలో ఉండిపోయాయి. రెండు రోజులు మాత్ర లేకుండా గడిచాక అక్కడి డాక్టరు రాసిస్తే మందు దొరికింది. అప్పటికి తల తిరిగి, గోడ పట్టుకుని నడుస్తున్నాను.

అంతకంటే ఎక్కువ గుర్తున్నది నా పక్కమంచం మీద పడుకున్న వరంగల్ కుర్రాడు. నీ వయసే ఉంటుంది. నాలుగు గంటలు లైన్లో నిలబడి కౌంటర్ దగ్గరికి చేరాడు. అక్కడి ఉద్యోగి, 'రీఫండ్ తీసుకుంటారా?' అని అడిగాడు. వీడు అలసిపోయి ఉన్నాడు, డబ్బు పోతుందేమోనన్న భయమూ ఉంది. సరేనని సంతకం పెట్టి, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. విమానాలు మళ్ళీ కదిలిన రోజు మా పేర్లు చదివారు. వాడి పేరు అందులో లేదు. కొత్త టికెట్ కొందామంటే ధర మొదటిదానికి రెండింతలైంది. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, మాట రాక, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అందుకే చెబుతున్నాను. విమానం క్యాన్సిల్ అయిందనగానే రీఫండ్ మాట ఎత్తకు, విమాన సంస్థవాళ్ళు ఎత్తినా ఒప్పుకోకు. యూరోపియన్ యూనియన్‌లో 261/2004 అనే చట్టం ఉంది, 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నీ ముందు రెండు దారులుంటాయి: డబ్బు వాపసు, లేదా మరో విమానంలో గమ్యానికి చేర్చడం. ఏది కావాలో ఎంచుకునేది నువ్వు, వాళ్ళు కాదు. డబ్బు తీసుకున్నావంటే నీ తిండీ పడకా చూసే బాధ్యత అక్కడితో తీరిపోతుంది. 'నన్ను హైదరాబాద్ చేర్చండి' అన్నావంటే, చేరేదాకా భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ గది, అక్కడికి వెళ్ళిరావడానికి బండి వాళ్ళే ఇవ్వాలి.

మంచు పడినా, బూడిద పడినా ఇది తప్పదు. ఆ 2010లోనే ఐర్లండ్‌కు చెందిన ఒకామె పోర్చుగల్‌లోని ఫారోలో వారం రోజులు చిక్కుకుపోయింది. విమాన సంస్థ తిండీ గదీ చూడలేదు. ఆమె సుమారు 1,130 యూరోల ఖర్చుకు కోర్టుకెక్కింది. 2013 జనవరిలో యూరోపియన్ న్యాయస్థానం, అగ్నిపర్వతం పేరు చెప్పి ఈ బాధ్యత తప్పించుకోవడం కుదరదని తీర్పిచ్చింది. కాబట్టి వాళ్ళు ఏమీ ఇవ్వకపోతే నువ్వే కొనుక్కో, మరీ ఖరీదైనవి కాకుండా. ప్రతి బిల్లూ దాచు. కాఫీ బిల్లైనా సరే.

నష్టపరిహారం వేరే సంగతి. నీది 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణం కాబట్టి 600 యూరోల దాకా రావచ్చు. పద్నాలుగు రోజులు ముందుగా చెప్పి రద్దు చేస్తే అది రాదు. వాతావరణం వల్లో, విమానాశ్రయ భద్రతా సిబ్బంది సమ్మె వల్లో ఆగిపోతే రాదు. విమాన సంస్థ సొంత సిబ్బంది సమ్మె చేస్తే మాత్రం వస్తుంది. అందుకని ఎందుకు రద్దయిందో కారణం రాతపూర్వకంగా అడుగు. విమానాల వివరాలు చూపే బోర్డు ఫోటో తీసుకో. లైన్లో నిలబడి ఉండగానే యాప్‌లో, ఫోన్‌లో కూడా ప్రయత్నించవచ్చు. లైన్ కదలనప్పుడు చాలాసార్లు అవే ముందు పని చేస్తాయి.

ఇక నీ టికెట్ విషయం. జర్మనీ నుంచి బయల్దేరుతున్నావు కాబట్టి గల్ఫ్ విమానమైనా ఈ చట్టం వర్తిస్తుంది. దోహా దాటాక రెండో విమానం ఆగిపోయినా సరే, మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్ అయితే చాలు. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ నుంచి అదే గల్ఫ్ సంస్థలో వెళ్తే వర్తించదు, యూరోపియన్ యూనియన్ సంస్థ విమానమైతే వర్తిస్తుంది. చవగ్గా వస్తుందని దోహాదాకా ఒక టికెట్, అక్కడినుంచి ఇంకొకటి విడివిడిగా కొనే పిల్లలున్నారు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో సంస్థకు నీతో సంబంధం లేదు. ఆదా అయిన ఐదారువేల కోసం అంత ప్రమాదం తెచ్చుకోవద్దు తల్లీ.

మందులు, ఛార్జరు, ఒక జత బట్టలు, నీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు చేతిసంచిలోనే పెట్టుకో. ఈ రాత్రికి టికెట్ ఫోటో నాకు పంపు. బుకింగ్ నంబరు, అంటే పీఎన్నార్, ఒకటే ఉందో రెండున్నాయో నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెదనాన్న