రాటలు దిగేసే మిషను

మన కూరగాయల తోట కంచెకు ఇనుప రాటలు కొట్టడానికి పెట్రోలు మిషను తెచ్చారు గదా. అది ఎట్లా పనిచేస్తుందో నేను దగ్గరుండి చూశాను. మిషనును రాట తల మీద తొడుగుతారు. లోపల సుత్తి టకటకా కొడుతుంది, రాట భూమిలోకి దిగుతుంది. గుంట తవ్వే పని లేదు.

మా అయ్య గునపంతో గుంట తీసి కర్ర రాట పాతుతాడు. పోయినేడు వానకు అవి వదులై పడిపోయాయి. అడవిపందులు మొక్కజొన్న చేనంతా తినేశాయి. ఎందుకు వదులయ్యాయి? తవ్వి పోసిన మన్ను గుల్లగా ఉంటుంది. మిషనుతో కొట్టిన రాట చుట్టూ మన్ను ఇంకా బిగుసుకుంటుంది.

గుర్తుంచుకోవలసినవి:
1. 6 అడుగుల రాట 2 అడుగులు లోపల ఉండాలి.
2. జానెడు దిగగానే ఆపి, దారానికి రాయి కట్టి నిటారుగా ఉందో లేదో చూడాలి.
3. మిషను పట్టుకున్నవాళ్ళు చెవులు, కళ్ళు కాపాడుకోవాలి. మనం దూరంగా నిలబడాలి.
4. కింద పైపుగాని కరెంటు వైరుగాని ఉందేమో ముందే అడగాలి. ఇక్కడ ఎవరూ అడగలేదు. నాలుగో రాట నీళ్ళ పైపులో దిగింది. రెండు రోజులు వాగు నీళ్ళు మోశాం.

మా ఇంట్లో మిషను లేదు. అందుకే సెలవుల్లో అయ్యకు చెప్పాను, మన్ను ఒక్కసారే పోయకుండా జానెడు జానెడు పోసి దిమ్మిస కొట్టాలని. "సదువుకున్నావు గదా, నువ్వే కొట్టు" అన్నాడు. కొట్టాను. ఈ వానకు ఆ రాట కదల్లేదు.