చలికాలపు వానలు, వాగుల పొంగు: అమ్రాబాద్ రైతులకు సూచనలు

నైరుతి ఋతుపవనము సాధారణముగా అక్టోబరు నడుమ మన ప్రాంతమును విడిచిపోవును. ఇక వాన భయము లేదని తలచి, విచ్చిన పత్తిని చేనులోను, కోసిన వరిని కళ్లములోను వదలి ఉండుట పలుచోట్ల కనబడుచున్నది. కాని అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున వాయుగుండములు, తుఫానులు పుట్టుచుండును. వాటిలో కొన్ని తీరము దాటి అమ్రాబాద్ పీఠభూమి వరకు వచ్చును.

ఈ వాన స్వభావము

చలికాలపు వాన మొత్తము మీద తక్కువే. అయితే అది నెల పొడవునా కొద్దికొద్దిగా కురియదు. ఒకటి రెండు రోజులలో కుమ్మరించి పోవును. అప్పటికే చెరువులు నిండి, నేల తడిసి ఉండిన, నీరు ఇంకక వాలు వెంబడి వాగులలోనికి ఉరుకును. ఒక ఎకరముపై 100 మి.మీ. వాన పడిన దాదాపు 4 లక్షల లీటర్ల నీరగును.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురము సమీపమున తీరము దాటెను. సముద్రమునకు ఎంతో దూరమున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ ప్రాంతములలో కుండపోతగా కురిసెను. డిండి వాగు పొంగి, హైదరాబాదు–శ్రీశైలము రహదారిపై రాకపోకలు నిలిచెను. చేతికి రావలసిన పత్తి, వరి నీట తడిసెను.

నది వరద వేరు, వాగు వరద వేరు

2009 అక్టోబరు మొదటి వారమున కృష్ణకు మహా వరద వచ్చి, శ్రీశైలము జలాశయము 885 అడుగుల పూర్తి మట్టమును దాటెను. కర్నూలు, అలంపురము మునిగెను. అట్టి వరద ఎగువ నుండి వచ్చును గనుక ఎగువ ఆనకట్టల వద్ద ముందుగా తెలియును. పైగా కృష్ణ మన పీఠభూమికి చాల దిగువన లోయలో పారుచున్నది. నది ఒడ్డున వలలు, పుట్టులు గలవారు మాత్రము గేట్లు ఎత్తు వార్తను తప్పక వినవలెను. మన ఊరి వాగు అట్లు కాదు. అది మన కొండలపై పడిన వానతోనే కొద్ది గంటలలో పొంగును. కావున వాగు పొంగిన తరువాత కాదు, వాన హెచ్చరిక వినగానే పని మొదలిడవలెను.

హెచ్చరికను గ్రహించు విధము

మూడు నెలల అంచనా కాలము పోకడను మాత్రమే తెలుపును. కోత దినమును దానిని బట్టి నిర్ణయింపరాదు. అందుకు వాతావరణ శాఖవారి అయిదు దినముల సూచనను చూడవలెను. 24 గంటలలో 64.5 నుండి 115.5 మి.మీ. వరకు ‘భారీ’, 204.4 మి.మీ. వరకు ‘అతి భారీ’, ఆపైన ‘అత్యంత భారీ’ వర్షమందురు. పసుపు రంగు కనిపెట్టి ఉండుమనియు, నారింజ సిద్ధపడుమనియు, ఎరుపు వెంటనే కదలుమనియు తెలుపును.

వానకు ముందు

1. విచ్చిన పత్తిని వెంటనే ఏరించి నీడపట్టున చేర్చుడు.
2. కోయని వరిని వాన వెలిసిన తరువాతనే కోయుడు. కోసిన ధాన్యమును మెరక స్థలమునకు చేర్చి టార్పాలిను కప్పుడు.
3. చేను వాలున కాలువలు తీయుడు. ఎరువులు వేయుట, మందులు చల్లుట ఆపుడు.
4. వాగు గడ్డనున్న మోటార్లను, పశువులను మెరకకు తరలించుడు.

వాన వెలిసిన తరువాత

మొదట చేనిలో నిలిచిన నీటిని తీయుడు. పత్తిలో పదును వచ్చిన పిదప లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి చల్లిన మొక్క తేరుకొనును. తడిసిన పత్తిని పొడి పత్తితో కలుపరాదు. పడిపోయిన వరి వెన్నులో గింజ మొలకెత్తకుండ లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణమును చల్లవలెను. వేరుశనగ విత్తుటకు నేల పదునుకు వచ్చువరకు ఆగుడు.

గ్రామోద్యోగులకు

చెరువు కట్టపై ఎలుక బొరియలను, చీమల పుట్టలను ముందే పూడ్పింపుడు. అలుగుకు అడ్డమున్న చెత్తను, వలలను తీయింపుడు. ఇసుక బస్తాలు సిద్ధముగా నుంచుడు. వాగు పారునపుడు లోవంతెనకు రెండు ప్రక్కల మనిషిని కాపుంచి, చెంచు పెంటలకును తండాలకును చాటింపు వేయింపుడు. మోకాలి లోతు నీరైనను వడి ఉన్న మనిషిని పడద్రోయును.

తడిసిన పంటలో కొంతయైన దక్కును. వాగులో పోయిన ప్రాణము తిరిగి రాదు. ఒక పూట ఆలస్యమైనను అవతలి గట్టుననే ఆగుడు.