మిరప కోతలయ్యాక మారిషస్‌కి

చెల్లీ, మారిషస్ వెళ్దామనుకుంటున్నారని విని ఎంత సంతోషమేసిందో! మరిదిగారు తెచ్చిన ప్యాకేజీ కాగితం కూడా చూశాను. వారం రోజులూ ఒకటే బీచ్ రిసార్టు, మధ్యలో ఓ పడవ షికారు, ఓ పూట షాపింగు. ఆ కాగితం పక్కన పెట్టించు. ఒట్టి సముద్రమే కావాలంటే నరసరావుపేట నుంచి సూర్యలంక ఎంత దూరమని? అంత ఖర్చు పెట్టుకుని విమానమెక్కేది దీవి మొత్తం చూడ్డానికి.

మారిషస్ నిప్పులోంచి పుట్టిన దీవి. దాదాపు 80 లక్షల ఏళ్ల కింద సముద్రం అడుగున అగ్నిపర్వతాలు లావా కక్కితే, అది పేరుకుని పేరుకుని నీళ్ల పైకి లేచింది. ఇప్పుడక్కడ మంటా పొగా ఏమీ లేవు, ఎప్పుడో చల్లారిపోయింది. కానీ ఎటు చూసినా నల్లరాయే. మన మాచర్ల నాపరాయి నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది, అక్కడి రాయి కరిగి పారి గట్టిపడ్డది. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లు, వాళ్ల చూపే మారిపోతుంది.

ముందు ఎప్పుడెళ్లాలో తేల్చుకో. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ తుఫాన్ల కాలం, ఎండలూ ఉక్కపోతా ఎక్కువ. మనకేమో అప్పుడు మిరప కోతలు, కల్లాలు, కూలీల కోసం తిప్పలు. నువ్వు ఎటూ కదల్లేవు. మే నెల వచ్చేసరికి కోతలైపోతాయి, గుంటూరు యార్డుకి వేసవి సెలవులిస్తారు, పిల్లలకి బడి ఉండదు. సరిగ్గా అప్పుడే అక్కడ తుఫాన్లు తగ్గి చల్లటి రోజులు మొదలవుతాయి. భూమధ్యరేఖకి అవతలి వైపున్న దీవి కాబట్టి వాళ్ల చలికాలం జూన్ నుంచి. మన రెంటచింతల నిప్పుల కుంపటిలా ఉండే రోజుల్లో నువ్వు క్యూర్‌పిప్‌లో స్వెటరేసుకుని తిరుగుతావు. ఆ ఊరు దీవి నడిమధ్య ఎత్తు మీద ఉంటుంది, వాన ఎప్పుడొస్తుందో తెలియదు. అందరికీ తలా ఒక పల్చటి స్వెటరు సర్దు.

హైదరాబాదు నుంచి ముంబయి చేరి, అక్కడ మారిషస్ విమానం పట్టుకుంటే ఆరు గంటల ప్రయాణం. మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా అక్కర్లేదు గానీ తిరుగు టికెట్టు, బస కాగితాలు, ఖర్చుకి డబ్బున్నట్టు ఆధారం చేతిలో ఉండాలి. బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ ఫారం నింపాలి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ కూడా పనిచేస్తోంది. అయినా చిన్న దుకాణాల కోసం కొంచెం మారిషస్ రూపాయలు మార్చి ఉంచుకో.

దీవి పొడవు 65 కిలోమీటర్లు. అంతే కదా, ఒక్కచోటే దిగి అన్నీ చూసొద్దాం అంటారు మరిదిగారు. ఒప్పుకోవద్దు. దారులు సన్నం, కొండ మలుపులు, రోజూ పోవడం రావడంలోనే పిల్లలు నీరసపడతారు. విమానాశ్రయం ఆగ్నేయాన ఉంది కాబట్టి మొదటి సగం రోజులు దక్షిణాన, నైరుతిన ఉండండి, మిగతా సగం ఉత్తరాన. రోజు మొత్తానికి ట్యాక్సీ మాట్లాడుకుంటే హాయి.

దక్షిణం నాకెంతో ఇష్టమైన వైపు. దీవి చుట్టూ పగడపు దిబ్బలు అలల్ని ఆపుతాయి, అందుకే మిగతా చోట్ల నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. సుయాక్ దగ్గర గ్రి-గ్రిలో మాత్రం ఆ అడ్డు లేదు. నల్లటి కొండరాళ్ల మీద సముద్రం నేరుగా వచ్చి విరుచుకుపడుతుంది. అక్కడ చూడ్డమే, పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకు. దగ్గర్లోనే రోచెస్టర్ జలపాతం, లావా చల్లారేటప్పుడు పగుళ్లిచ్చి నిలువు స్తంభాలుగా మారిన రాళ్ల మీదుగా దూకుతుంది. షమరెల్‌లో ఏడు రంగుల మట్టిదిబ్బలున్నాయి. నల్లరాయే వానకీ ఎండకీ చివికి మట్టయి, అందులోని ఇనుము, అల్యూమినియం ఆ ఎరుపూ ఊదా రంగులిచ్చాయి. నైరుతి మూల లె మోర్న్ కొండ కనిపిస్తుంది, ఎత్తు 556 మీటర్లు. బానిసలు తప్పించుకుని ఆ కొండ మీదే తలదాచుకున్నారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది.

మీ అత్తగారి మోకాళ్ల గురించి బెంగపడకు. గంగా తలావ్‌కి కారు చెరువు గట్టు దాకా వెళ్తుంది. అది అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిలిచి ఏర్పడ్డ చెరువు. 1898లో ట్రియోలే ఊరివాళ్లు నడిచొచ్చి శివరాత్రి చేసుకున్నారు, అప్పట్నుంచీ ఏటా వేలమంది తమ ఊళ్ల నుంచి అలంకరించిన కావళ్లు మోసుకుంటూ నడిచొస్తారు. కోటప్పకొండ ప్రభలు చూసి పెరిగిన ఆవిడకి ఈ సంగతి చెప్పి చూడు, అందరికన్నా ముందు సంచి సర్దేది ఆవిడే. క్యూర్‌పిప్‌లో ట్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం ఉంది, దాని అంచు దాకా కూడా రోడ్డుంది. లోపలంతా చెట్లు.

ఇప్పుడు అసలు మాట. చెరకు తోటల పక్కగా వెళ్తున్నప్పుడు మధ్యమధ్యలో నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి, కొన్ని ఇంటెత్తున ఉంటాయి. అవి దేవుడు పెట్టినవి కావమ్మా. నేల సాగులోకి రావాలని ముందు బానిసలు, తర్వాత ఒప్పంద కూలీలు ఒక్కొక్క రాయీ ఏరి పేర్చినవి. ఆ కూలీల్లో మన తెలుగువాళ్లున్నారు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి వైపు వాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన వాళ్లని ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. రాళ్ల చేలల్లో నడుం వంచడమంటే ఏందో మన గురజాల, మాచర్ల ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గుట్టల దగ్గర కారాపించి, పిల్లల్ని దింపి చూపించు.

అందుకే ఉత్తరానికి మారాక ఒకరోజు పోర్ట్ లూయీకి కేటాయించు. 1834 నుంచి దాదాపు అయిదు లక్షలమంది కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ అక్కడే ఉంది. రేవు నుంచి పైకెక్కే పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల పేర్లు, ఊళ్లు రాసిన దస్తరాలు, ఫొటోలు భద్రపరిచారు. వాళ్ల మునిమనవళ్లు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే. ఎవరైనా తెలుగువాళ్లని తెలిస్తే పలకరించు. ఇంట్లో క్రియోల్ మాట్లాడుకునే వాళ్లు జవాబు తెలుగులో ఇవ్వలేకపోవచ్చు, చిన్నబుచ్చుకోకు. అన్ని తరాల తర్వాత కూడా రామభజన పాడుతున్నారంటే అది చిన్న విషయం కాదు.

తిండికి ఇబ్బంది లేదు. పప్పు కూరిన ధోల్ పూరీ బళ్ల మీద వేడివేడిగా దొరుకుతుంది. గాతో పిమాఁ అనే మిరపకాయ వడలు శనగపప్పువే, నీకు నచ్చి తీరతాయి. పళ్లు, విత్తనాలు, మొక్కలు మాత్రం ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లకు, అనుమతి లేనిదే రానివ్వరు.

మండే అగ్నిపర్వతం కూడా చూసేద్దామని పిల్లలు పట్టుబడితే, అది రెండొందల కిలోమీటర్ల అవతల రీయూనియన్ దీవిలో ఉంది, ఫ్రాన్సు కింద. దాని కాగితాలు వేరు, ఖర్చు వేరు. దాన్ని ఇంకోసారికి ఉంచుకోండి.

చివరిగా ఒకటి అడుగుతా, కాదనకు. జనవరి నుంచి కల్లం దగ్గర నిలబడ్డదానివి నువ్వు. ఈ ప్రయాణంలో ఒక్క రోజు ఎవరికీ ఏమీ సర్దిపెట్టకుండా నీ ఇష్టానికి ఉంచుకో. ఎక్కడికెళ్లాలో నువ్వే ఎంచుకుని కాగితం మీద ముందే రాసిపెట్టు. తర్వాత చూద్దాం అనుకున్నావా, ఆ రోజు కాస్తా షాపింగుకి పోతుంది. రాసి, మరిదిగారికి కూడా చూపించు. టికెట్లు మాత్రం సంక్రాంతి పోగానే తీసుకోండి.