విద్యాప్రాంగణంలో తొలి అడుగు

పాఠ్యభాగ ఉద్దేశం: ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీ, సాంకేతిక కళాశాలల్లో చేరబోయే విద్యార్థులకు అక్కడి పరిచయ కార్యక్రమాన్ని గురించి తెలియజేయడం, సంకోచం విడిచి ప్రశ్నించే స్వభావాన్ని అలవరచడం.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబూని పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. మహర్షి వెంటనే బోధకు పూనుకోడు. ఒక సంవత్సరం నియమంతో, శ్రద్ధతో తన చెంత నివసించమంటాడు. అటుపిమ్మట కోరిన ప్రశ్నలు అడగవచ్చుననీ, తనకు తెలిసినట్లయితే సమస్తమూ చెబుతాననీ అంటాడు. విద్యకు ముందు పరిచయం, పరిచయం వెంట ప్రశ్న - ఇదీ మన పూర్వులు పాటించిన క్రమం.

నేటి కళాశాలల్లో నూతన విద్యార్థులకు ఏర్పాటుచేసే పరిచయ కార్యక్రమం వెనుక ఉన్న భావన కూడ ఇదే. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2017లో ఇంజనీరింగు విద్యార్థుల కోసం మూడు వారాల కార్యక్రమాన్ని రూపొందించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో ఇటువంటి కార్యక్రమానికి 'దీక్షారంభ్' అని నామకరణం చేసింది. దీక్షా, ఆరంభ పదాలు సవర్ణదీర్ఘ సంధిలో కలిసి ఏర్పడిన పేరు అది.

ఈ కార్యక్రమంలో ప్రిన్సిపాల్ స్వాగతోపన్యాసం ఉంటుంది. అధ్యాపకుల పరిచయం, గ్రంథాలయ, ప్రయోగశాలల సందర్శన జరుగుతాయి. వ్యాయామం, లలితకళలు, మానవ విలువలపై చర్చలు, ప్రముఖుల ప్రసంగాలు కూడ ఇందులో భాగాలే. విద్యార్థులను చిన్న బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందానికి ఒక అధ్యాపకుని మార్గదర్శకునిగా నియమిస్తారు.

సెమిస్టరు, క్రెడిట్, అంతర్గత మూల్యాంకనం వంటి మాటలు అక్కడ క్రొత్తగా వినిపిస్తాయి. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరు పొడవునా సాగే బోధనను సాధారణంగా ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. పరీక్షకు కూర్చోవడానికి సాధారణంగా 75 శాతం హాజరు అవసరం. ఉపకార వేతనాల దరఖాస్తు గడువు కూడ అప్పుడే తెలుస్తుంది. ఆనాడు అశ్రద్ధతో విన్న మాటకు సంవత్సరాంతంలో మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ర్యాగింగును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే చట్టం ద్వారా నిషేధించింది. 2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ర్యాగింగుకు వ్యతిరేకంగా ప్రమాణపత్రం సమర్పించాలి. బాధితులు 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అవమానాన్ని మౌనంగా భరించడం వినయం కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఆ సభలో చివరి వరుసలో కూర్చుంటాడు. ఆంగ్ల ప్రసంగం సగమే అర్థమైనా, నలుగురూ నవ్వుతారేమోనని నోరు మెదపడు. ఆ మౌనం ఆ రోజుతో ముగియదు; తరగతి గదిలోకి, ప్రయోగశాలలోకి, చివరకు పరీక్షా మందిరంలోకి అతని వెంట వస్తుంది. తెలియదని చెప్పడానికి ఒక క్షణం ధైర్యం చాలు. చెప్పకపోతే ఆ తెలియనితనాన్ని ఏండ్ల తరబడి మోయాలి. తెలిసిన భాషలోనే అడగండి. సభలో అడగలేకపోతే, మార్గదర్శక అధ్యాపకుని వద్దకు వెళ్ళి అడగండి.

'నాకు తెలిసినట్లయితే' అని పిప్పలాదుడంతటి గురువే అన్నాడు. గురువుకు లేని సంకోచం శిష్యునికి ఎందుకు? ఆరుగురు శిష్యులు అడిగారు గనుకనే ఒక ఉపనిషత్తు అవతరించింది. కళాశాలలో మీ తొలి అడుగు కూడ ఒక ప్రశ్నతో మొదలుకావాలి.

ప్రశ్నలు

1. పిప్పలాద మహర్షి శిష్యులకు విధించిన నియమమేమి?
2. పరిచయ కార్యక్రమంలో విద్యార్థి తెలుసుకోవలసిన విషయాలను వివరించండి.
3. 'అవమానాన్ని మౌనంగా భరించడం వినయం కాదు' - ఈ వాక్యాన్ని సమర్థించండి.